అక్క రావద్దనుకున్న సభ

నా మొదటి నవల ఆవిష్కరణ సభకు మా అక్క రాకూడదని నేను మొక్కని దేవుడు లేడు. మామూలుగా నాకు దేవుళ్లతో పెద్దగా పని పడదు. సాహిత్య విమర్శ రాసేదాన్ని, అందులోనూ ఘాటుగా రాస్తుందని పేరుపడ్డదాన్ని. కొబ్బరికాయ కొట్టడానికి కూడా మొహమాటపడతాను. అలాంటిది ఆ నెలంతా మేడ్చల్‌లో ఇంటి నుంచి కాలేజీకి పోయే దారిలో ఏ గుడి కనబడ్డా చెయ్యి దానంతట అదే గుండె మీదికి పోయేది. స్వామీ, ఆ రోజు అక్కకు పెద్ద వంట ఆర్డరు తగలాలి. స్వామీ, వాళ్ల బస్తీకి నీళ్ల ట్యాంకరు ఆలస్యం కావాలి, ఆమె అక్కణ్ణించి కదలకూడదు. సొంత అక్క మీద ఇలాంటి మొక్కులు మొక్కే చెల్లెలు ఎక్కడైనా ఉంటుందా? ఉంది, నేనే.

అక్కది గాజులరామారంలో కర్రీ పాయింట్. జీడిమెట్ల కంపెనీల్లో షిఫ్టు దిగి వచ్చేవాళ్లు, గదుల్లో అన్నం ఒక్కటే వండుకునే పిల్లలు ఆమె దగ్గర పప్పో, వంకాయ కూరో, పచ్చిపులుసో కట్టించుకుని పోతారు. నోరు పెద్దది, చెయ్యి ఇంకా పెద్దది. గౌడవెల్లిలో మా అమ్మ పొలం పనికి పోతే నన్ను చంకనేసుకుని పెంచింది అక్కే. నా కోసం తన బడి మానేసింది. ఈ మాట ఆమె ఎన్నడూ అనలేదు, నేనే ఎప్పుడూ అనుకుంటూ ఉంటాను.

నా సంగతి చెప్పాలి. చాలా ఏళ్లుగా ఆదివారం అనుబంధాల్లో, చిన్న పత్రికల్లో సమీక్షలు రాస్తున్నాను. కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పి ఇంటికి వచ్చి, బియ్యం కడిగి పెట్టి, పుస్తకం పట్టుకుని కూర్చుంటాను. పెన్సిల్ చేతికి వచ్చిందంటే నాకు దయాదాక్షిణ్యాలు ఉండవు. ముఖ్యంగా ముగింపుల దగ్గర. నవలంతా ఏడిపించి చివరి పేజీలో అందరినీ ఒక చోట చేర్చి నవ్వించే రచయితలంటే ఒళ్లు మంట. ‘ఈ పాత్ర ఎందుకు మనసు మార్చుకుందో రచయితకే తెలియాలి’, ‘పాఠకుడి చేతిలో బెల్లం ముక్క పెట్టి పంపించేశారు’ అని రాసి మురిసిపోయేదాన్ని. ఆ మురిపెం ఊరికే పోలేదు. ఒక రచయిత నన్ను చూస్తే రోడ్డు దాటి అవతలికి పోతాడు. ఇంకొకాయన ఒక సభలో మైకు ముందరే, “కొలిచేది ఎవరైనా కొలుస్తారమ్మా, నువ్వొకటి రాసి చూపించు,” అన్నాడు. అందరూ నవ్వారు. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్నట్టు, ఆయన మాట కంటే ఆ నవ్వే నన్ను కాల్చింది. ఆ వారమే నవల మొదలుపెట్టాను.

రాయడానికి కూర్చుంటే నాకు వచ్చిన కథ ఒక్కటే. అది నాది కాదు, అక్కది.

అక్కను కౌకూర్‌లో ఇచ్చారు. అక్కడ అత్త వంటింటికి తాళం వేసుకునేది. మొగుడు తాగి వచ్చి కొట్టేవాడు. ఇవి అందరికీ తెలిసిన సంగతులే. ఒకనాడు పొద్దున్నే అక్క అన్నీ వదిలేసి గౌడవెల్లికి వచ్చేసిందని, మళ్లీ ఆ గడప తొక్కలేదని కూడా మా వాళ్లందరికీ తెలుసు. ఎవరికీ తెలియనిది ఒకటుంది. ఆ పొద్దున ఆమె నేరుగా మా ఇంటికి రాలేదు. శామీర్‌పేట చెరువుకు పోయింది. చెప్పులు ఒడ్డున విడిచి నీళ్లలోకి దిగింది. ఈ మాట చాలా ఏళ్ల తర్వాత, కర్రీ పాయింట్‌లో దొండకాయలు తరుగుతూ, నాకొక్కదానికే చెప్పింది. “మరి ఎట్ల తిరిగొచ్చినవ్ అక్కా?” అని అడిగితే, “నీళ్లు మస్తు సల్లగున్నయే. సలి వెట్టింది. ఒడ్డుకొచ్చిన,” అంది. దొండకాయ ముక్కలు గిన్నెలో వేసి, “ఎవ్వలకు జెప్పకు,” అని కూడా అంది.

నేను ఎవరికీ చెప్పలేదు. నవలలో రాశాను.

పేర్లు మార్చాను, ఊళ్లు మార్చాను, కర్రీ పాయింట్ మాటే ఎత్తలేదు. చెరువు దగ్గరికి వచ్చేసరికి కలం ఆగింది. చలి పెట్టి ఒడ్డుకు వచ్చిందంటే ఎవరు ఒప్పుకుంటారు? నేనే ఒప్పుకోను. ఇంకొకరి నవలలో ఇది కనబడితే ‘చావడానికి వచ్చిన మనిషి వెనక్కి మళ్లడానికి బలమైన కారణం లేదు’ అని రాసి, పెన్సిల్‌తో కింద గీత కూడా గీసేదాన్ని. నేను దెబ్బకొట్టిన రచయితలందరూ నా చివరి పేజీ కోసం కాచుకుని ఉన్నట్టు అనిపించేది. ఎన్నోసార్లు తిప్పి రాశాను. చివరికి ఆ మనిషిని చెరువులోంచి తిరిగి రానివ్వలేదు. చాలా బాగా వచ్చింది. చదువుకుని నేనే ఏడ్చాను. అచ్చుకు ఇచ్చాను.

పుస్తకం అట్టపెట్టెల్లో ఇంటికి వచ్చిన రోజు మొదలైంది అసలు పరేషాన్. మా ఇలాకా సాహిత్య మిత్రులు శామీర్‌పేటలో ఒక ఫంక్షన్ హాలు మాట్లాడారు. ఊళ్లన్నీ వదిలి శామీర్‌పేటే ఎందుకయ్యా అంటే, అందరికీ బస్సు దొరుకుతుందన్నారు. పుస్తకాన్ని పరిచయం చేసే పనిని రిటైరైన ఒక తెలుగు లెక్చరర్‌కు ఒప్పగించారు. ఈ పెద్దాయన గురించి తెలియనివాళ్లు మా వైపు లేరు. మా సభలకు వచ్చేవాళ్లలో పుస్తకం చదివి వచ్చేవాళ్లు తక్కువ. అందుకని పరిచయం చేసేవాళ్లు కథంతా చెప్పడం ఒక ఆనవాయితీ అయిపోయింది. ఈయన చేతిలో అది హరికథ అవుతుంది. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా, ఏ పాత్ర ఏమందో గొంతు మార్చి మరీ చెప్తాడు.

నేను ఆయనకు ఫోన్ చేశాను. “సార్, ముగింపు మాత్రం చెప్పకండి. చదివేవాళ్లకు ఆసక్తి పోతుంది,” అన్నాను.

“ఎంత మాటమ్మా! నీ నవలకు ముగింపే ప్రాణం. అది జెప్పకుంటే నేను నిలవడుడెందుకు? నువ్వేం పరేషాన్ గాకు, ఒక్కల కండ్లు గూడ పొడిగ ఉండయి, సూడు,” అన్నాడు.

నేను ఫోన్ పెట్టేశాను.

అయినా అక్క రాకపోతే గొడవే లేదు కదా అని నన్ను నేను సముదాయించుకున్నాను. ఆమెకు ఆహ్వానం పంపలేదు. ఇంట్లో కూడా పెద్దగా మాట్లాడలేదు. కానీ మా ఆయన ఉన్నాడే, ఆయనకు అందరూ కావాలి. కార్డు ఫొటో తీసి చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు, కింద రెండు పూలగుత్తుల బొమ్మలు కూడా తగిలించి. నేను కాలేజీ నుంచి వచ్చేసరికి అందరూ శుభాకాంక్షలు చెప్పి ఉన్నారు.

“నిన్నెవరు పెట్టమన్నరు?” అని ఆయన మీద పడ్డాను.

“ఏమాయె? మనింట్ల పుస్తకం వస్తాంది, మనోళ్లకు జెప్పొద్దా?” అన్నాడు అమాయకంగా. ఆయనకు అసలు సంగతి తెలియదు. చెప్పలేను. చెబితే అక్క మాట రెండోసారి దాటినట్టవుతుంది. కుడితిలో పడ్డ ఎలుక లాగా కొట్టుకుంటున్నాను, ఆయనేమో సభకు ఏ షర్టు వేసుకోవాలని అడుగుతున్నాడు.

అంతలోనే అక్క ఫోన్. “ఏందే, పుస్తకం రాసినవట! అందరికి తెల్సింది, నాకే తెల్వలే.”

“ఇంకా అచ్చయితాంది అక్కా,” అన్నాను. అట్టపెట్టెలు నా కాళ్ల దగ్గరే ఉన్నాయి. “అయినా ఆడ ఏముంటది? ఒకరి తర్వాత ఒకరు మాట్లాడుతనే ఉంటరు. నీకు బోర్ కొడ్తది. దుకాణం బంద్ వెట్టుకుని వచ్చుడెందుకు?”

“నా షటర్ దించనీకి నాకు ఎవని పర్మిషన్ గావాలె? నీ పెండ్లికి వంట జేసినప్పుడు బోర్ గొట్టలే, గిప్పుడు గొడ్తదా? జల్దీ పెట్టెయ్, కూర మాడుతాంది.” ఆమే పెట్టేసింది.

ఇక దాచి లాభం లేదు, నేనే ముందుగా చెప్పేయాలి అనుకుని ఒక సాయంత్రం గాజులరామారం పోయాను. బస్సులో ఎన్ని విధాల మాటలు కూర్చుకున్నానో. అక్కా, కోపం తెచ్చుకోకు. అక్కా, అది నువ్వు కాదు, నీలాంటి మనిషి. అక్కా, సాహిత్యంలో ఇలా జరుగుతూనే ఉంటుంది. ఛీ, చివరి మాట తల్చుకుంటే నాకే అసహ్యం వేసింది. దుకాణం ముందు జనం. అక్క కవర్లలో పప్పు పోసి ముడి వేస్తూ, ఒకణ్ని చిల్లర లేదని తిడుతూ, నన్ను చూసి మొహమంతా నవ్వు చేసుకుంది. “మా చెల్లె. బుక్కు రాసింది. శామీర్‌పేటల ఫంక్షన్,” అని వరసలో ఉన్న వాళ్లందరికీ చెప్పింది. వాళ్లు నన్ను గౌరవంగా చూశారు. నాకు అక్కడే భూమిలోకి పోవాలనిపించింది.

“ఇంతకు బుక్కుల ఏముందే?” అంది.

“ఆడోళ్ల కష్టాలు.”

“గవ్వి రోజు జూస్తనే ఉన్న. దానికి గూడ బుక్కెందుకు?” అని పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. వంకాయ కూర కట్టించుకుని, చెప్పాల్సింది చెప్పకుండా ఇంటికి వచ్చాను.

సభ ఆదివారం పొద్దున. మొక్కులు ఒక్కటీ పనిచేయలేదు. అక్క ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని, తలలో మల్లెపూలు తురుముకుని, మాకంటే ముందే వచ్చి మొదటి వరసలో కూర్చుంది. పక్క కుర్చీ మీద చెయ్యి వేసి మా ఆయన కోసం ఆపింది. దీపం వెలిగించారు. అతిథులకు దండలు వేశారు. ముఖ్య అతిథి నా నవల పేరు ఒకసారి తప్పుగా, ఒకసారి సరిగ్గా పలికి, మిగతా సమయమంతా తన చిన్నతనం గురించి మాట్లాడాడు. నాకు ఆయన మీద ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను. ఇంకా మాట్లాడు స్వామీ, భోజనాల వేళ దాకా మాట్లాడు అనుకున్నాను. నా పాడు నోరు, అనుకున్నానో లేదో ముగించాడు.

పెద్దాయన లేచాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, “ఒక ఆడబిడ్డ కథ జెప్త, వినుండ్రి,” అన్నాడు.

నేను వేదిక మీద కూర్చుని అక్క మొహాన్ని తప్ప ఇంకేమీ చూడలేదు. మొదట్లో ఆమె నవ్వుతూనే ఉంది. పెండ్లి, అప్పగింతలు చెప్పినప్పుడు మా ఆయన చెవిలో ఏదో అంది కూడా. అత్త వంటింటికి తాళం వేసే దగ్గర ఆహ్వాన పత్రికతో విసురుకుంటున్న చెయ్యి ఆగింది. మొగుడి దెబ్బల దగ్గర చీర కొంగు భుజాల చుట్టూ లాక్కుంది. మంచినీళ్ల సీసా మూత తీసి, తాగకుండానే మళ్లీ బిగించాను. ఆయన ఆగడేం? ఎవరైనా చీటీ పంపి సమయం అయిపోయిందని ఎందుకు చెప్పరు?

“తెల్లారక ముందే చెరువు కట్ట ఎక్కింది. చెప్పులు ఒడ్డున విడిచింది,” అన్నాడు పెద్దాయన, గొంతు తగ్గించి.

అక్క తల ఎత్తి నన్ను చూసింది. నేను చూపు తిప్పుకోలేదు. తిప్పుకోవాలని ఉన్నా చేతకాలేదు. ఆయన నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయన్నాడు, నడుము దాకా వచ్చాయన్నాడు, ఆ పైన ఇక చెరువు మీద ఏమీ కనబడలేదన్నాడు. చివరి వాక్యం పుస్తకంలో చూసి చదివాడు. హాలంతా చప్పట్లు. మా ఆయన అందరికంటే గట్టిగా కొట్టాడు. అక్క చేతులు ఒళ్లోనే ఉన్నాయి.

నన్ను స్పందన చెప్పమన్నారు. ఏం మాట్లాడానో నాకు గుర్తులేదు. అందరికీ ధన్యవాదాలు అన్నది ఒక్కటే తెలుసు.

భోజనాలు హాలు వెనక షెడ్డులో పెట్టారు. అక్క బగారా అన్నం పెట్టించుకుని, తినకుండా గోడ పక్కన నిలబడి ఉంది. నేను దగ్గరికి పోయాను. తిడుతుందనుకున్నాను. నలుగురిలో నా పరువు తీసినవ్ అంటుందనుకున్నాను. దానికి నా దగ్గర జవాబులు కూడా ఉన్నాయి.

“గదేందే,” అంది మెల్లగా. “నేన్ తిరిగొచ్చిన గద?”

“అక్కా, అది నవల...”

“సలి వెట్టి ఒడ్డుకొచ్చిన అని జెప్పిన గద నీకు. తడిచీరతోని బస్సెక్కిన. అందరు జూసిన్రు. కండక్టర్ వెనక్కి పోయి నిలవడుమన్నడు. మన బాపు ఇంట్లకు రానియ్యనీకి ఎంతసేపు జేసిండో నీకు యాదికి లేదు, నువ్వు చిన్నదానివి. సచ్చుడు ఏం కష్టమే? అడుగేస్తె అయిపోతుండె. తిరిగొచ్చుడే గద కష్టమైంది. గదంత ఏది?”

“గట్ల రాస్తే నమ్మరక్కా,” అన్నాను. నా గొంతు నాకే చిన్నగా వినబడింది. “సలి వెట్టి తిరిగొచ్చింది అంటే... మావోళ్లు ఒప్పుకోరు.”

“మీవోళ్లు ఒప్పుకోనీకి నన్ను సంపినవా?”

అప్పుడే ఒకామె, స్కూల్ టీచరట, పళ్లెం పట్టుకుని మా దగ్గరికి వచ్చింది. కళ్లు ఎర్రబడి ఉన్నాయి. నా చెయ్యి పట్టుకుని, “అమ్మా, సారు జెప్తుంటే ఏడుపు ఆగలేదు. ఉన్నదున్నట్టు రాసిన్రు. గట్లాంటి ఆడోళ్లకు సావు తప్ప ఇంకేం దారుంటది?” అంది.

ఆమెను ఆపాలనుకున్నాను. అంతలోనే అక్క పళ్లెం గోడ మీద పెట్టింది.

“ఆమె సావలేదమ్మా,” అంది. గొంతు తగ్గించలేదు. చుట్టూ తింటున్నవాళ్లు ఇటు తిరిగారు, మా ఆయన కూడా. “చెర్ల దిగి మల్ల ఒడ్డుకొచ్చింది. గాజులరామారంల కర్రీ పాయింట్ వెట్టుకుంది. ఇగో, నీ ముందట నిలవడ్డది.”

ఆ టీచరు ముందు నవ్వబోయింది. తర్వాత అక్క వైపు చూసి, నా వైపు చూసి, “నిజమా అమ్మా?” అంది.

“నిజమే,” అన్నాను.

అక్క చేతులు కడుక్కుని, ఎవరికీ చెప్పకుండా, షేర్ ఆటో ఎక్కి వెళ్లిపోయింది. మేడ్చల్‌లో ఇంటికి చేరాక మా ఆయన, “మీ అక్కకు ముందుగాల్నే ఒక బుక్కు ఇయ్యకపోయినవా?” అన్నాడు. ఆయన అడిగింది అంతే, కానీ ఆ మాటకు నేను బాత్రూంలోకి పోయి నల్లా తిప్పి ఏడ్చాను.

నవలకు మంచి సమీక్షలు వచ్చాయి. ముగింపును ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. నన్ను చూస్తే రోడ్డు దాటే రచయిత కూడా ఫోన్ చేసి, ‘చివరి పేజీకి తిరుగులేదు’ అన్నాడు. అక్క నా ఫోన్ ఎత్తలేదు. మెసేజ్ చూసినట్టు నీలం గీతలు పడేవి, జవాబు ఉండేది కాదు. ఆమెకు ఒంట్లో బాగాలేదేమో, పడుకుందేమో, మళ్లీ ఆ పాత ఆలోచనలేమైనా వస్తున్నాయేమో అని నాకు ఒకటే భయం. క్లాసులో పాఠం చెప్తూ కూడా బల్ల మీది ఫోన్ వైపే చూసేదాన్ని. చివరికి ఉండబట్టలేక, ఒక మధ్యాహ్నం సెలవు పెట్టి గాజులరామారం పోయాను.

దుకాణం తెరిచే ఉంది. అక్క కౌంటర్ వెనక మామూలుగానే గరిటె పట్టుకుని నిలబడి ఉంది. ప్రాణం కుదుటపడింది. ముందు జనం ఉన్నారని నేనూ వరసలో నిలబడ్డాను. ఆమె ఒక్కొక్కరినీ పేరు పెట్టి పలకరిస్తోంది, ఒకణ్ని నిన్న ఎందుకు రాలేదని తిడుతోంది. నా వంతు వచ్చింది. అక్క నా మొహంలోకి నేరుగా చూసింది. కోపమేమీ కనబడలేదు.

“ఏం గావాలె మేడమ్?” అంది.

అక్కా అందామనుకున్నాను. వెనక జనం తోసుకుంటున్నారు. “పప్పు,” అన్నాను. ఆమె కవర్‌లో పప్పు పోసి, ముడి వేసి, నా చేతికి ఇచ్చి, నా వెనక నిలబడినవాణ్ని పిలిచింది.